అదునుకు పనిముట్టు, పనిముట్టుకు పనివాడు

(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేను సేద్యపు శాస్త్రము చెప్పుకొను ఉపాధ్యాయుడను. విత్తనము, ఎరువు, నీరు, కలుపు - ఇవి నాకు తెలిసిన విషయములు. అట్టి నేను ఈ దినము కొలిమిని గురించి, వెల్డింగును గురించి, లేతు యంత్రమును గురించి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. "పంతులుగారు త్రోవ తప్పినారు" అని మీలో కొందరు అనుకొనవచ్చును కూడ.

కాని మన పెద్దలు సేద్యమునకు మూలముగా రెండు మాటలు చెప్పినారు. ఒకటి అదును, రెండవది పదును. అదును అనగా తగిన కాలము. పదును అనగా నేలలోని తగిన తేమ. ఈ పదును అను మాటనే కమ్మరి కూడ వాడును. కొడవలికి, నాగటి కర్రుకు ఆయన పెట్టునదియు పదునే. నేల పదును ఆరకముందే పనిముట్టు పదును సిద్ధముగా ఉండవలెను. అది లేనినాడు మేము చెప్పెడు మేలురకపు విత్తనము గాని, ఎరువు మోతాదు గాని మీకు అక్కరకు రావు. ఈ సంగతిని నేను పుస్తకములో చదువలేదు. మా సొంత పొలములో నేర్చుకొన్నాను.

ఏడెకరముల కథ

నేను వ్యవసాయ కళాశాలలో చదువుకొనుచున్న రోజులవి. మాది అనంతపురము జిల్లాలో ఎర్రనేల మెట్ట, 7 ఎకరములు. ఆ యేడు జూలై నెలలో మంచి వాన పడినది. వేరుశనగ విత్తుటకు మా నాయన ఒక ట్రాక్టరు గొర్రును బాడుగకు మాట్లాడినారు. ఎర్రనేలలో పదును మూడు నాలుగు దినములకంటె నిలువదని మీకు తెలియును. మొదటి దినము రెండెకరములు విత్తగనే, గొర్రులో గింజలు జార్చు పళ్లెములను త్రిప్పెడు ఇరుసు విరిగినది.

మా ఊరిలో వెల్డింగు చేయు కుర్రవాడు మంచివాడు, చేతి పని గలవాడు. అరగంటలో అతికించి ఇచ్చినాడు. అతుకు చూచుటకు ముచ్చటగా ఉన్నది. పొలములో అర ఎకరము నడిచినదో లేదో, అతుకు ప్రక్కనే ఇరుసు మరల విరిగినది. అతడు మరల అతికించి, పైన ఒక ఇనుప పట్టీని కూడ వేసినాడు. నాలుగు చాళ్లు నడిచి మరల విరిగినది. రెండవ దినము అట్లు గడచినది.

మూడవ దినము ఉదయమున ఆ ఇరుసును బేరింగులతో సహా గోనెసంచిలో చుట్టుకొని మా నాయన, నేను బస్సెక్కి పట్టణమునకు పోయినాము. అక్కడ ఒక ముసలి మేస్త్రీ దుకాణము ఉన్నదని ఎవరో చెప్పినారు. మా నాయన తొందరలో ఉన్నారు. పోగానే, "మేస్త్రీ, దీన్ని బిరీన అతికిచ్చి పంపు. ఆడ పదును ఆరిపోతాంది" అన్నారు.

మేస్త్రీ వెల్డింగు పిడిని ముట్టనైనా లేదు. విరిగిన ముక్కను వెలుతురునకు పట్టి త్రిప్పి త్రిప్పి చూచినాడు. "అన్నా, అతికిచ్చేది అరగంట పని. ఎందుకు ఇరిగిందో చూడకుండా అతికిస్తే రేపు మళ్లీ నువ్వే వస్తావ్" అన్నాడు.

తరువాత ఆయన చేసిన పనులను నేను ఒక్కొక్కటిగా చూచినాను. ఇరుసు కొనను సానచక్రమునకు ఆనించి నిప్పురవ్వలను గమనించినాడు. ఇది మెత్తని ఇనుము కాదు, బొగ్గుపాలు ఎక్కువ గల ఉక్కు అన్నాడు. విరిగిన చోటు పంచదార పలుకువలె మెరయుచున్నది. అతుకు గట్టిగానే ఉన్నది, దాని ప్రక్కనున్న ఉక్కు గాజువలె పెళుసెక్కి విరిగినది అన్నాడు. పిమ్మట బేరింగులను చేతితో త్రిప్పి చూచినాడు. ఒకటి చక్కగా తిరిగినది. రెండవది గరగరమని పట్టుకొన్నది. దానిని ఎవరో సుత్తితో కొట్టి ఎక్కించినారు. లోపలి గుండ్లు వాటి దారిలో గుంటలు పెట్టినవి. ఆ గుంటలలో మన్ను చేరినది. ఒక కొన బిగుసుకొనగా, చక్రము రెండవ కొనను త్రిప్పగా, నడుమ ఇరుసు మెలిపడి విరిగినది. మొదటి తప్పు ఇరుసుది కాదు, బేరింగుది. బేరింగు మార్చకుండ ఇరుసును వందసార్లు అతికినను అది వందసార్లు విరుగును.

ఆయన ఆ ఇరుసును అతుకలేదు. తగిన ఉక్కు కడ్డీ తెచ్చి లేతుపై కొత్త ఇరుసును తరిమెన పట్టినాడు. కొత్త బేరింగును వేడినూనెలో ఉంచి, సుత్తి దెబ్బ తగులకుండ ఎక్కించినాడు. అది ముగియుసరికి సాయంకాలమైనది. నాలుగవ దినము ఉదయము గొర్రు నడిచినది. ఆ పైరుకాలమంతయు మరల ఆగలేదు. కాని పల్లమునందలి ఎకరమున్నరలో తప్ప పదును మిగులలేదు. తక్కిన మూడెకరములు తరువాతి వానకై కాచుకొని ఆగస్టు మూడవ వారములో విత్తినాము. ఊడలు దిగు వేళకు వాన లేదు. ఆ మూడెకరములలో పశువుల మేత తప్ప కాయ చెప్పదగినంతగా రాలేదు.

ఆ సాయంకాలము దుకాణములో కూర్చుండి నేను మేస్త్రీని అడిగినాను, ఇది యంతయు ఎక్కడ నేర్చినావని. రెండేండ్లు ఐటీఐలో ఫిట్టరు పని నేర్చినాడట. పిమ్మట ఒక ఫ్యాక్టరీలో చేరినాడట. కొన్నేండ్ల తరువాత ఆ ఫ్యాక్టరీవారు ఆయనను కొద్ది వారముల ఉన్నత శిక్షణమునకు పంపినారట. "ఐటీఐలో నాకు చేతులొచ్చినాయి నాయనా. ఆడ కండ్లొచ్చినాయి" అన్నాడు.

నేటి నా ప్రసంగమునకు ఆ ఒక్క మాటయే సారము. మొదటి శిక్షణము విరిగినదానిని ఎట్లు బాగుచేయవలెనో నేర్పును. ఉన్నత శిక్షణము అది ఎందుకు విరిగినదో చూచుట నేర్పును. రైతునకు ఈ రెండవ విద్య గల పనివాడు కావలెను.

మీ పైరుకు వైద్యము చేయునట్లే

ఇది మీకు తెలియని ధోరణి కాదు. వేరుశనగ ఆకు పసుపుబారినదనుకొనుడు. ఏమియు చూడనివాడు యూరియా చల్లుమనును. చూచువాడు ముందుగా, ఏ ఆకు పసుపుబారినదని అడుగును. క్రింది ముదురు ఆకులు పసుపుబారిన నత్రజని లోపమై ఉండవచ్చును. పై లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలిచిన అది ఇనుపధాతు లోపము. సున్నపు నేలలలో ఇది తరచుగా కనిపించును. దానికి యూరియా వేసిన డబ్బు దండుగ. జబ్బు తెలియక మందు వేయుట ఎంత నష్టమో, ఉక్కు జాతి తెలియక అతుకు వేయుట అంత నష్టము.

ఉక్కులలోనున్న జాతిభేదమంతయు ముఖ్యముగా అందులోని బొగ్గుపాలును, అనగా కార్బనును, బట్టి ఏర్పడును. తలుపు గ్రిల్లులకు వాడు మెత్తని ఉక్కులో అది నూటికి 0.25 పాలు మించదు. యంత్రపు ఇరుసులకు వాడు ఉక్కులో సుమారు 0.40 ఉండును. లారీ కమాను పట్టీలలో 0.50 మొదలు 0.60 వరకు ఉండును. పోతయినుములో 2 పాళ్లకు మించి ఉండును. మన ఊళ్లలో పాత లారీ కమాను పట్టీలను కోసి గుంటక పాసలకు, కల్టివేటరు మొనలకు వాడుచున్నాము. అది మంచి ఉక్కే. కాని గ్రిల్లును అతికినట్లు దానిని అతికిన నిలువదు.

కారణము వినుడు. అతుకు వేయునప్పుడు అక్కడ ఉక్కు కరగును. ప్రక్కనున్నది ఎర్రగా కాలును. చుట్టునున్న చల్లని ఉక్కు ఆ వేడిని ఒక్కసారిగా లాగివేయును. ఎర్రగా కాలిన కొడవలిని నీళ్లలో ముంచినట్లే ఇది. బొగ్గుపాలు ఎక్కువైన ఉక్కు అట్లు చల్లారిన, గట్టిపడి పెళుసగును. కమ్మరి కొడవలిని నీళ్లలో ముంచిన తరువాత మరల సన్నని సెగ చూపి ఆ పెళుసును విరిచివేయును. సానపట్టిన ముఖముపై గడ్డిరంగు, దాని తరువాత గోధుమరంగు, ఊదా, నీలము వరుసగా పాకుటను చూచి ఆయన ఆపును. గడ్డిరంగు సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, నీలము సుమారు 300 డిగ్రీల వద్ద కనిపించును. వెల్డింగు దుకాణములో ఆ రెండవ సెగను ఎవరు చూపుచున్నారు? ఎవరును చూపరు. కనుకనే అతుకు ప్రక్కన విరుగును.

ఉన్నత శిక్షణము పొందిన వెల్డరు కమాను పట్టీ వంటి ఉక్కును ముందుగా వెచ్చచేయును. ముక్క మందమును, జాతిని బట్టి ఇది 200 మొదలు 300 డిగ్రీల వరకు ఉండును. ఉదజని తక్కువగా విడుదలచేయు కడ్డీలను ఎన్నుకొనును. వాటిని పొయ్యిలో ఎండబెట్టి వాడును. ఏలయన కడ్డీ పూతలో తేమ చేరిన, ఆ తేమనుండి పుట్టిన ఉదజని ఉక్కులో దూరి అతుకు క్రింద కంటికి కనపడని పగుళ్లు పుట్టించును. వానకాలములో సంచిలో పడియున్న కడ్డీ, తేమ తగిలిన విత్తనము వంటిది. పని ముగిసిన పిమ్మట ముక్కను సున్నములో గాని, పొడి బూడిదలో గాని కప్పి మెల్లగా చల్లార్చును. ఇందులో మంత్రము లేదు. ఖర్చు కూడ పెద్దగా లేదు. తెలియవలెను, అంతే.

వెంట్రుకవాసి లెక్క

రెండవ సంగతి కొలత. బేరింగునకు, ఇరుసునకు నడుమ ఉండవలసిన బిగువు మిల్లీమీటరులో నూరవ పాళ్ల లెక్క. తలవెంట్రుక మందము సుమారు 0.05 మొదలు 0.10 మిల్లీమీటరు ఉండును. చక్కని పనికి అంతకంటె సన్నని కొలత కావలెను. వెర్నియరు కొలబద్దతో 0.02 మిల్లీమీటరు వరకు, మైక్రోమీటరుతో 0.01 మిల్లీమీటరు వరకు చదువవచ్చును. ఈ పరికరములను ఐటీఐలోనే చూపుదురు. కాని ఏ యంత్రభాగమునకు ఎంత బిగువు, ఎంత వదులు ఉండవలెనో నిర్ణయించుట పై తరగతి విద్య. బేరింగును సుమారు 100 డిగ్రీలకు నూనెలో వెచ్చచేసిన అది కొంచెము విచ్చుకొని ఇరుసుపై సులభముగా జారును. అది తెలియనివాడు సుత్తి ఎత్తును.

ఈ వెంట్రుకవాసి లెక్క మీ చేలో ఎంతగా పెరుగునో చూడుడు. వేరుశనగను 30 సెంటీమీటర్ల సాళ్లలో 10 సెంటీమీటర్ల ఎడముగా విత్తిన ఎకరమునకు సుమారు 1 లక్షా 33 వేల మొక్కలు ఉండవలెను. గొర్రులోని పళ్లెము అరిగి, లేక ఇరుసు ఊగులాడి, పదింటిలో ఒక గింజ జారలేదనుకొనుడు. ఎకరమునకు 13 వేల మొక్కలు లేవు. మీరు విత్తనమునకు పూర్తి వెల ఇచ్చినారు, దున్నకమునకు పూర్తి కూలి ఇచ్చినారు. పదియవ వంతు మాత్రము మొలవకముందే పోయినది. నేను నా తరగతిలో ఎంత చెప్పినను ఈ నష్టమును పూడ్చలేను. ఒక ఫిట్టరు పూడ్చగలడు.

మారిన యంత్రములు

మన తెలుగునేలకు లోహవిద్య కొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చెడివారు. ఆ విద్య తండ్రినుండి కొడుకునకు, మంట రంగు చూచు కంటినుండి కంటికి దిగినది. కాలక్రమమున ఆ వరుస తెగినది. ఇప్పుడు మన చేతికి వచ్చు ఉక్కులో జాతులు అనేకము. కంటి గురుతు ఒక్కటే చాలదు. తండ్రి నేర్పవలసినదానిని ఇప్పుడు శిక్షణాలయము నేర్పవలెను.

ఇంజన్లును మారినవి. 2023 జనవరి 1 నుండి 50 గుర్రపు శక్తికి మించిన కొత్త ట్రాక్టర్లకు పొగను తగ్గించు కఠిన నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అందుచేత ఆ తరగతి ట్రాక్టర్లలో డీజిలును మిక్కిలి ఒత్తిడితో చిమ్ము పద్ధతి, దానిని నడుపు ఎలక్ట్రానిక్ పెట్టె వచ్చినవి. పాత ఇంజనులో గొట్టపు బిగింపు వదులుచేసి గాలి తీసినట్లు, ఈ ఇంజను నడుచుచుండగా చేయి పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి దిగును. ఇరువది యేండ్ల అనుభవము గల మెకానిక్కునకైనను ఇది కొత్త పాఠమే. అనుభవము లేక కాదు. యంత్రము మారినది కనుక.

ఎక్కడ, ఎట్లు నేర్చుకొనవలెను?

మన దేశములో ఐటీఐ చదువు 1950లో ప్రారంభమైన చేతిపనివారి శిక్షణ పథకముతో మొదలైనది. ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు తరగతులు రెండేండ్లు. వెల్డరు తరగతి ఒక యేడు. ట్రాక్టరు మెకానిక్కు తరగతి ఒక యేడు. వ్యవసాయ యంత్రముల మెకానిక్కు తరగతి రెండేండ్లు. ఇది మొదటి మెట్టు. మన పల్లెలలో చాలమంది పిల్లలు ఈ మెట్టు మీదనే నిలిచిపోవుచున్నారు. పైన మెట్లున్నవని వారికి చెప్పువారు లేరు.

రెండవ మెట్టు అప్రెంటిసు పని. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద ఐటీఐ ముగించినవాడు ఫ్యాక్టరీలో భృతి పొందుచు పని నేర్చుకొనవచ్చును. మూడవ మెట్టున దారి చీలును. రెండేండ్ల ఐటీఐ తరగతి ముగించినవారు ప్రవేశ నియమములను అనుసరించి పాలిటెక్నిక్కులో నేరుగా రెండవ యేట చేరవచ్చును. బోధన యందు ఆసక్తి గలవారు ఒక యేడు బోధకుల శిక్షణము పొంది ఐటీఐలో బోధించుటకు అర్హులు కావచ్చును.

పనిలో ఉన్నవారికి కొద్ది వారముల ఉన్నత శిక్షణము వేరుగా కలదు. నిపుణులైన కార్మికుల నైపుణ్యమును పెంచుటకు భారత ప్రభుత్వము 1977లో ఉన్నత వృత్తి శిక్షణ పథకమును ప్రారంభించినది. ముంబయి, కలకత్తా, కాన్పూరు, లుధియానా, మద్రాసు, హైదరాబాదు నగరములలోని ఆరు ఉన్నత శిక్షణ సంస్థలు అందుకు కేంద్రములైనవి. అవియే నేడు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు అను పేరుతో నడుచుచున్నవి. హైదరాబాదులో విద్యానగరునందును, రామంతాపురమునందును ఇట్టివి కలవు. పరికరముల తయారీలో పై విద్య కోరువారికి 1968లో హైదరాబాదు బాలానగరునందు స్థాపించిన కేంద్ర పరికర రూపకల్పన సంస్థ కలదు. దీనిని అందరును సీఐటీడీ అందురు. వెల్డింగు విద్యలో మరింత లోతునకు పోదలచినవారికి 1975లో తిరుచిరాపల్లియందు ఏర్పడిన వెల్డింగు పరిశోధన సంస్థ కలదు.

మన సేద్యపు యంత్రములకు మిక్కిలి దగ్గరి సంస్థ అనంతపురము జిల్లా గార్లదిన్నెలో ఉన్నది. మధ్యప్రదేశమునందలి బుధ్నీలో 1955లోను, హర్యానాయందలి హిస్సారులో 1963లోను ఏర్పడిన కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థల వరుసలో దక్షిణాదికి 1983లో ఏర్పడినది ఇది. ఇక్కడ యంత్రములను వాడు రైతులకును, వాటిని బాగుచేయు మెకానిక్కులకును శిక్షణము ఇత్తురు.

చేతిలో పని ఉండి కాగితము లేనివారు కూడ నిరాశపడ నక్కరలేదు. దుకాణములో గురువు దగ్గర నేర్చినవారి నైపుణ్యమును పరీక్షించి ధ్రువపత్రము ఇచ్చు ఏర్పాటు కలదు. తరగతుల తేదీలు, రుసుములు, అర్హతలు మారుచుండును. కనుక బయలుదేరుటకు ముందే మీకు దగ్గరి ఐటీఐలో గాని, ఆయా సంస్థలలో గాని విచారించుకొనవలెను. కుమారులను మాత్రమే కాదు, ఆసక్తి గల కుమార్తెలను కూడ పంపవచ్చును. కొలత చదువుటకు, ఉక్కు జాతిని గుర్తించుటకు కావలసినది కండబలము కాదు.

పై దేశమునుండి ఒక్క ఉదాహరణము చెప్పెదను. జర్మనీలో వ్యవసాయ యంత్రముల మెకానిక్కునకు మూడున్నర యేండ్ల శిక్షణము కలదు; కొంత దుకాణములో, కొంత పాఠశాలలో. దానితో ముగియదు. పిమ్మట మేస్త్రీ పరీక్ష ఒకటి కలదు. అందులో చేతిపని, శాస్త్రజ్ఞానము మాత్రమే గాక, దుకాణపు జమాఖర్చులు, శిష్యులకు పని నేర్పు విధానము కూడ పరీక్షింతురు. ఒక్క మేస్త్రీ తయారైన పదిమంది శిష్యులు తయారగుదురని వారి ఎరుక. మన పల్లె దుకాణములలోను శిష్యులున్నారు. గురువు చూచినంతయే వారికి కనిపించును.

రెండు సందేహములు

"నాలుగు వారములు దుకాణము మూసిన నా సంసారము ఎట్లు గడచును?" అని పనివాడు అడుగును. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు పనివాని వద్ద లేదు, మన వద్ద ఉన్నది. ఊరి రైతుల సంఘము గాని, యంత్రములను బాడుగకిచ్చు సంఘము గాని రానుపోను ఖర్చు, ఆ దినముల కూలిలో కొంత భరించిన, పని పలుచబడు మాసములలో ఆయన పోయి రాగలడు. పోయిన యేట అదునులో గొర్రు ఆగినందున మీ ఊరిలో ఎన్ని ఎకరములు ఆలస్యమైనవో ఒక కాగితముపై వ్రాసుకొనుడు. ఆ నష్టము ప్రక్కన ఈ ఖర్చును వ్రాసి చూడుడు.

"నేర్చుకొన్నవాడు ఊరు విడిచి పట్టణమునకు పోవును గదా" అనునది రెండవ సందేహము. కొందరు పోవుదురు. దాచుట ఎందుకు? అతుకు వేసిన కడ్డీల లెక్కను బట్టి కూలి ఇచ్చినంతకాలము పోవుచునే ఉందురు. మా నాయన ఆ మేస్త్రీకి ఇచ్చిన సొమ్ములో ఉక్కు వెల కొంత, లేతు పని కొంత. విరిగిన కారణమును చూచిన ఆ పది నిమిషములకు ఆయన ఏమియు అడుగలేదు, మేమును ఇవ్వలేదు. నిజమునకు మేము కొనదగినది ఆ పది నిమిషములనే. తెలివికి వెల కట్టని ఊరిలో తెలివిగలవాడు నిలువడు.

ఇందుకు ఒక ఉపాయము చెప్పెదను. అదునుకు నెల ముందే ఊరిలోని గొర్రులు, కల్టివేటర్లు, రోటవేటర్లు, నూర్పిడి యంత్రములు అన్నిటిని ఒక్కచోట చేర్చి, యంత్రమునకు ఇంతయని నిర్ణయించి, నేర్చినవానిచేత పరీక్ష చేయింపుడు. బేరింగులు, పళ్లెములు, బోల్టులు, కవచములు వరుసగా చూచును. ఆయనకు నిలకడగా రాబడి, మీకు నిలకడగా పని. విరిగిన తరువాత పరుగెత్తుటకంటె ఇది చౌక.

దుకాణమునకు పోయినప్పుడు

పనివాని నేర్పును తెలిసికొనుటకు మీరు ఇంజనీరులు కానక్కరలేదు. ఈ ఐదు విషయములను గమనించిన చాలును.

1. పిడి పట్టుటకు ముందు విరిగిన ముక్కను చూచుచున్నాడా? ఎప్పుడు, ఏ పనిలో విరిగినదని అడుగుచున్నాడా?

2. ఇది ఏ జాతి ఉక్కు అని విచారించుచున్నాడా? అన్నిటికి ఒకే కడ్డీ వాడుచున్నాడా?

3. వెల్డింగు కడ్డీలను పొడిగా, మూతపెట్టిన పెట్టెలో ఉంచినాడా?

4. కొలతను పరికరముతో తీయుచున్నాడా, వ్రేలితోనా?

5. పని ముగిసిన పిమ్మట విప్పిన కవచమును మరల బిగించుచున్నాడా?

ఐదవది ప్రాణములకు సంబంధించినది. ట్రాక్టరు వెనుకనుండి శక్తినిచ్చు ఇరుసు సాధారణముగా నిమిషమునకు 540 మారులు తిరుగును, అనగా సెకనుకు తొమ్మిది చుట్లు. పంచె కొస గాని, చీర చెరగు గాని చిక్కిన, అయ్యో అనునంతలో మనిషిని లాగివేయును. నూర్పిడి యంత్రముల వంటి అపాయకరమైన యంత్రములకు 1983లో చట్టమే చేసినారు. అయినను ఆ కవచము అడ్డమని విప్పి మూల పడవేసిన యంత్రములను నేను అనేక కళ్లములలో చూచినాను. నేర్చిన పనివాడు కవచము లేకుండ యంత్రమును ఇంటికి పంపడు. పంపుమని మీరును ఒత్తిడి చేయరాదు.

మీరు చేయవలసిన పని ఇంకొకటి కలదు. విరిగిన ముక్కను పారవేయకుడు, కడిగి తోమకుడు. రెండు ముక్కలను, ప్రక్కనున్న భాగములను కూడ తీసికొనిపొండు. వైద్యునికి రోగిని చూపకుండ మందు అడుగము గదా.

ముగింపు

సోదరులారా! మా ఊరి వెల్డరు కుర్రవానిని నేను తప్పుపట్టుట లేదు. ఆ దినము అతడు తనకు నేర్పినంతవరకు నిజాయితీగా పని చేసినాడు. రెండవసారి అతికినదానికి కూలి కూడ తీసికొనలేదు. అతనికి ఒక్క నాలుగు వారముల చదువు తక్కువైనది. ఆ చదువు ఉన్నదని అతనికి తెలియదు, మాకును తెలియదు. తెలిసియుండిన మా మూడెకరములు జూలైలోనే విత్తియుందుము.

ఇప్పుడు మీకు తెలిసినది. మీ ఊరిలోను అట్టి కుర్రవాడు ఒకడు తప్పక ఉండును. మీ ఇంటిలోనే ఉండవచ్చును. ఐటీఐ కాగితమును పెట్టెలో పెట్టి, ఇక చదువు ముగిసినదని అనుకొనుచు ఉండవచ్చును. నేడు ఇంటికి పోవు దారిలో అతని దుకాణము వద్ద ఆగి, పై మెట్టు ఉన్నదని ఒక్క మాట చెప్పుడు. రాబోవు అదునుకు నేల పదును వాన ఇచ్చును. పనిముట్టు పదును మాత్రము మన చేతిలో ఉన్నది.